లైన్లోనే ఉన్నానండి

ఆ హాల్లో స్తంభం పక్కనున్న కుర్చీకి మంచి పేరు లేదు.

అక్కడ కూర్చుని ఎవరూ రక్తం కక్కుకోలేదు. గజ్జెల చప్పుడు ఎవరికీ వినబడలేదు. జుట్టు విరబోసుకున్న ఆకారమేదీ స్తంభం చాటునుంచి తొంగిచూడలేదు. అయినా పొద్దుగుంకి వీధిదీపాలు వెలిగే వేళకు, ఆ పక్కగా పోవలసినవాళ్లు నాలుగడుగులు ఎక్కువైనా సరే చుట్టు తిరిగి పోయేవారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇంటికి వెళ్తుందట... గొంతు మాత్రం వెళ్లదట... అక్కడే ఉండిపోతుందట.

విన్నది విన్నట్టు చెబుతున్నాను. చిలవలు పలవలు చేర్చడం నా అలవాటు కాదు.

ఫ్రిజ్‌లూ, బట్టలుతికే యంత్రాలూ అమ్మే ఒక కంపెనీవారి ఫిర్యాదుల హాలు అది. వరుసలు వరుసలుగా బల్లలు. బల్లకొక తెర, తలకొక హెడ్‌సెట్. చల్లబడని ఫ్రిజ్‌ల ఉక్రోషం, తిరగని యంత్రాల ఆక్రోశం, ఊరందరి ఇళ్లలోని కోపమూ తీగల వెంట ప్రవహించి వచ్చి ఆ చెవుల్లో పడేది. ఆ హాలుకు ఒకే ఒక్క శాసనం. అవతలివారు ఎంత తిట్టినా, తిట్టి తిట్టి అలసి ఎంతసేపు ఊరుకున్నా — ఫోను మనం ముందుగా పెట్టకూడదు. పెట్టవలసింది అవతలివారే.

అక్కడ పనిచేసే ఒకావిణ్ణి అందరూ తేనె అని పిలిచేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, హాలు పెట్టిన పేరు. నిప్పుల మీద మంచు తుంపర రాలినట్టు, ఆమె మాట రాలినచోట కోపం కాసేపు చిటపటలాడి చల్లారిపోయేది. భగవంతుడు కొందరి కంఠాలను తీరిగ్గా కూర్చుని చేస్తాడు. అలా చేసినవాటిలో అదొకటి. అందుకే ఎవరికీ లొంగని తిట్లన్నీ ఆమె లైనుకు మళ్లించేవారు.

"క్షమించండి. మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండి. లైన్లోనే ఉన్నానండి... చెప్పండి."

పొద్దున్నుంచి రాత్రిదాకా ఇవే మాటలు. చేయని తప్పుకు క్షమాపణ, కలగని చింతకు ప్రకటన. చెరుకును మరలో పెట్టి పిండినట్టు ఆ గొంతులోని తీపినంతా హాలు పిండుకునేది. ఇంటికి చేరేది పిప్పి.

ఇంట్లో భర్త, ఇప్పుడిప్పుడే బడికి వెళుతున్న కూతురు. భర్త కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాడు; మెత్తని మనిషి, నవ్వించే మనిషి. వాళ్ల వంటింట్లో ఉన్న ఫ్రిజ్ కూడా ఆ కంపెనీదే. దాని తలుపు మీద ఫిర్యాదుల నంబరు ఎర్ర అంకెలతో అంటించి ఉండేది.

"ఇది చెడిపోతే బాగుణ్ణు," అనేవాడతను.

"ఎందుకూ?"

"నీకు ఫోను చేస్తాను. అప్పుడైనా నాతో నాలుగు మాటలు మాట్లాడతావు."

ఆమె నవ్వేది. నవ్వడం కూడా పనిలాగే ఉండేది.

ఎప్పుడో, ఒంట్లో ఇంకా ఓపిక ఉన్న రోజుల్లో, కూతురికి ఒక కథ మొదలుపెట్టింది. చందమామకు జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా ఒక చుక్క రాలిపోతోంది. ఆకాశం ఖాళీ అయిపోతోంది. మరి మందు ఎవరిస్తారు?... అక్కడ ఆగిపోయింది కథ. ఏ పుస్తకంలోనిదీ కాదు. ఆ తల్లి ఆ పిల్లకోసం పక్కమీద అల్లినది. ఆ ఇద్దరికి తప్ప లోకంలో మరెవరికీ తెలియదు.

"అమ్మా, చందమామకు తగ్గిందా?" ప్రతి రాత్రీ పిల్ల అడిగేది.

నిద్ర ముంచుకొస్తున్న ఆ తల్లి నోటివెంట ఒక రాత్రి ఏమొచ్చిందో తెలుసా —

"మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామండి."

పిల్ల పకపకా నవ్వింది. మర్నాడూ అదే మాట వచ్చింది. ఈసారి నవ్వలేదు.

కంపెనీవారికి దయ లేదనుకోకండి. ఒత్తిడిని జయించడం ఎలా అని ఒక తరగతి పెట్టించారు. దానికి ఎంచుకున్న సమయం అన్నం తినే గంట. శాంతస్వరూపుడొకాయన వచ్చి, కళ్లు మూసుకోమని, గుండెల నిండా గాలి పీల్చమని చెప్పాడు. హాల్లో అందరికన్నా పాతకాపు, ఎండాకాలంలోనూ శాలువా విడువని పెద్దక్క, కళ్లు మూసుకునే గొణిగింది — "పీల్చడం నేర్పుతున్నాడు బానే ఉంది... వదలడానికి ఎవడిస్తాడే టైము?"

ఆ సాయంత్రమే తేనె సూపర్‌వైజర్ ముందు నిలబడింది. "సార్... కొన్నాళ్లు సెలవు కావాలి. గొంతు నొప్పిగా ఉంటోంది. ఇంటికెళ్తే మా పాపతో మాట్లాడలేకపోతున్నాను."

"నాకు తెలీదూ మీ కష్టం?" అన్నాడాయన ఎంతో ఆర్ద్రంగా. "మీరు వెళ్లిపోతే ఆ తిట్లన్నీ ఎవరు వింటారు చెప్పండి, పాపం మిగతావాళ్లు చచ్చిపోరూ? ఒక పని చేద్దాం. మిమ్మల్ని స్తంభం పక్క సీటుకు మారుస్తాను. అక్కడ ఏసీ గాలి గొంతుకు తగలదు."

సెలవడిగితే కుర్చీ వచ్చింది.

పెద్దక్క ఆమెను మెట్ల దగ్గర పట్టుకుంది. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి —

"ఒసేయ్, ఆ సీట్లో ఒక ఫోను వస్తుంది. అవతల ఎవ్వరూ మాట్లాడరు. ఊపిరి కూడా వినబడదు. అప్పుడు నోరు మెదపకు. ముఖ్యంగా... లైన్లోనే ఉన్నానని మాట ఇవ్వకు."

"మరేం చెయ్యాలక్కా?"

"పెట్టెయ్."

"మనం ముందు పెట్టకూడదు కదా! ఉద్యోగం పోదూ?"

"పోతే పోనీ. గొంతుకంటే ఎక్కువటే?"

తేనె భయాన్ని నవ్వుతో కప్పుకోబోయింది. "ఇంతకుముందు అక్కడ కూర్చున్నావిడ ఏమైంది మరి?"

"ఏమవుతుంది, బానే ఉంది. మొన్న కూరగాయల దగ్గర కనబడింది..." పెద్దక్క శాలువా గట్టిగా చుట్టుకుంది. "వేళ్లతో బేరమాడుతోంది."

*

కొన్ని రోజులు ఏమీ జరగలేదు. అవే తిట్లు, అవే క్షమాపణలు. ఏసీ గాలి నిజంగానే తగలలేదు.

ఒకనాడు చీకటిపడింది. హాలు పలచబడింది. దూరపు వరుసల్లో దీపాలు ఒక్కటొక్కటే ఆరిపోతున్నాయి. ఆ వేళ భర్త దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. 'చిన్నది పడుకోనంటోంది. ఇవాళ కథ పూర్తి చెయ్యాలట. కిటికీ దగ్గర కూర్చుంది.'

ఆమె లోపల ఎక్కడో, బూడిద కింద, ఒక నిప్పురవ్వ కదిలింది. ఇవాళ చెప్పేస్తాను. ఎలాగైనా సరే, చందమామకు జలుబు తగ్గించేస్తాను. హెడ్‌సెట్ తీయబోయింది —

ఫోను మోగింది.

"నమస్కారమండి, చెప్పండి..."

మౌనం.

మౌనాలెన్నో విన్న చెవి ఆమెది. తిట్టడానికి మాట వెతుక్కునే మౌనం వేరు, ఏడుపు మింగుకునే మౌనం వేరు. ఇది ఏదీ కాదు. నూతిలోకి రాయి వేసి, చప్పుడు కోసం చెవి ఒగ్గి... ఒగ్గి... ఎంతకీ అది వినబడకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది.

పెద్దక్క మాట జ్ఞాపకం వచ్చింది. వేలు ఫోను పెట్టేసే మీట దాకా వెళ్లింది. కాని ఏళ్ల తరబడి సాన పట్టిన నాలుక యజమానురాలి కోసం ఆగలేదు.

"లైన్లోనే ఉన్నానండి... చెప్పండి."

అనేసింది.

అవతల ఎవరూ ఏమీ అనలేదు. కాని ఆ నిశ్శబ్దం కాస్త దగ్గరికి జరిగినట్టయింది... ఎవరో విని, తలూపినట్టు.

గోడగడియారం ముల్లు కదులుతోంది. కిటికీ దగ్గర పిల్ల కూర్చుని ఉంటుంది. ఫోను పెడితే ఉద్యోగం పోతుంది. పెట్టకపోతే అది ఈ రాత్రికి వదలదు. ఆ హాల్లోవాళ్లు తప్ప మరెవరూ చేయని పొరపాటు ఆమె అప్పుడు చేసింది.

"ఒక్క నిమిషమండి. లైన్లోనే ఉండండి. ఇప్పుడే వస్తాను."

మాట ఇచ్చి, హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, సంచి పుచ్చుకుని పరుగు తీసింది. తలుపు దాటుతుండగా వెనకనుంచి, సన్నగా... ఎంతో మర్యాదగా...

'లైన్లోనే ఉన్నానండి... చెప్పండి...'

చెవుల్లో గింగురుమంటున్న తన మాటే అనుకుంది. వెనుదిరిగి చూడలేదు.

ఇంటికొచ్చింది. పిల్ల ఎగిరి వచ్చి మెడకు చుట్టుకుంది. "అమ్మా! చందమామకు తగ్గిందా?"

తల్లి నోరు తెరిచింది.

ఏమీ రాలేదు. బొంగురు లేదు. గుసగుస లేదు. తలుపు తీసిన గది... లోపల ఎవరూ లేరు.

*

గొంతులు చూసే డాక్టరు దీపం వేసి చూశాడు. "కంఠంలో దోషమేమీ లేదు. బాగా అలసిపోయారు, అంతే. పనినుంచి పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి," అన్నాడు. ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడానికి చప్పుడు లేదు.

సెలవు చెబుదామని భర్త కంపెనీకి ఫోను చేశాడు. వేరే నంబరు తెలియక ఫ్రిజ్ మీదిదే నొక్కాడు.

"నమస్కారమండి. లైన్లోనే ఉన్నానండి... చెప్పండి."

అతను చటుక్కున తలెత్తి చూశాడు. ఎదురుగా భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పెదవులు మూసే ఉన్నాయి.

ఆమె కూడా విన్నది. చేతిలో పిల్ల గౌను సగం మడతలో ఆగిపోయింది.

"రికార్డింగయ్యుంటుంది," అన్నాడతను, ఎవరికి ధైర్యం చెబుతున్నాడో తెలియకుండా. "ఈమధ్య మిషన్లతో మాట్లాడిస్తున్నారట కదా... నీ గొంతే పెట్టుంటారు. అంతే. అంతే."

ఎలాగో సూపర్‌వైజర్‌ను లైనుమీదికి పట్టుకున్నాడు.

"సెలవా? ఎందుకండీ?" ఆయన ఆశ్చర్యపోయాడు. "ఆవిడ సీట్లోనే ఉన్నారుగా! నిన్నటినుంచి అద్భుతంగా చేస్తున్నారు. మంచినీళ్లకి కూడా లేవడం లేదు!"

"ఆవిడ... మీకు కనబడుతోందా?"

ఆ ప్రశ్నలోని అవసరమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

"కనబడటమెందుకండీ? వినబడుతోందిగా."

ఆమె ఆగలేదు. చెప్పులేసుకుని హాలుకు పరుగెత్తింది. స్తంభం పక్క కుర్చీ ఖాళీగా ఉంది. బల్లమీద తాను పెట్టిన చోటే హెడ్‌సెట్ ఉంది. దానిలోంచి ఆ గొంతు — ఆమె గొంతు — అలుపు లేకుండా, విసుగు లేకుండా, ఒకప్పటి తీపితో క్షమాపణలు చెబుతోంది. చుట్టూ ఎవరి తెర వారు చూసుకుంటున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. ఆమె మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. గోళ్లు విరిగేలా నొక్కింది.

గొంతు ఆగలేదు.

పెద్దక్క వచ్చి ఆ చేతిని మెల్లగా తీసి తన శాలువాలో దాచుకుంది. పెద్దక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మాట ఇచ్చేశావు కదే... ఇంక నీ మీటతో పోదు. అవతలివాళ్లే పెట్టాలి."

ఎవరు? అన్నాయి తేనె కళ్లు.

పెద్దక్క తల అడ్డంగా ఊపింది.

"అవతల... ఎవరూ లేరే."

*

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికేమీ లేదు. హాలుకు మనిషి అవసరం లేకపోయింది, ఇంటికి గొంతు లేకపోయింది. ఎంత పడుకున్నా అలసట తీరేది కాదు. తీరుతుందా మరి? ఆమెలో సగం అక్కడ పగలూ రాత్రీ పని చేస్తూనే ఉంది. పిల్ల కథ అడగడం మానేసింది. తల్లికి అన్నిటికంటే ఎక్కువగా తగిలింది అదే.

ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే పక్కమీద పిల్ల లేదు.

వంటింట్లో వెలుతురు. ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ చలివెలుగులో, నేలమీద, పిల్ల చతికిలబడి కూర్చుంది. తండ్రి ఫోను రెండు చేతులతో చెవికి అదుముకుంది. తలుపు మీద ఎర్ర అంకెలు మెరుస్తున్నాయి. బళ్లో అంకెలు నేర్పారు కదా.

"...చందమామకు తగ్గిందా?" గుసగుసగా అడుగుతోంది.

ఫోనులోంచి కాసేపు ఏమీ రాలేదు. తల్లి గడపలోనే నిలిచిపోయింది. మిషనైతే ఫిర్యాదు నమోదు చేసుకున్నామంటుంది... అనాలి... అనెయ్యి, అనెయ్యి...

"తగ్గలేదమ్మా," అంది ఆ గొంతు. ఎంత చల్లగా, ఎంత మెత్తగా అంది! "తుమ్మీ తుమ్మీ చందమామ బాగా అలసిపోయాడు. ఒక్క రాత్రి సెలవిమ్మని ఆకాశాన్ని అడిగాడు. నువ్వెళ్లిపోతే ఎవరు వెలుగుతారు అంది ఆకాశం. అప్పుడు చందమామ ఏం చేశాడంటే..."

తల్లి మోకాళ్ల మీద కూలబడింది. పిల్ల భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బేదాకా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా తెరిచింది. నేనమ్మా, నేను, ఇక్కడ...

పిల్ల ముఖం చిట్లించింది. చిన్న వేలొకటి పెదవుల మీద పెట్టుకుంది.

"ష్... అమ్మ కథ చెబుతోంది."