ముసలమ్మ బండ కింది ఎర్ర రోమన్

శవాల గదిలో బల్ల మీద నౌకాదళ నిఘా డైవర్ ఏబెల్స్ బోర్లా పడి ఉన్నాడు. వీపులో ఈటె తుపాకీ బాణం. పొద్దున్నే కాల్క్ బే రేవులో తేలాడు.

"డైవింగ్ సూట్ లోపల ఇది దొరికింది." కల్నల్ మ్గిజిమా ట్రే ముందుకు తోసింది. "మీరిద్దరూ పదేళ్లు కలిసి పనిచేశారు. ఏమైనా అర్థమవుతోందా, గసాంత్?"

ట్రేలో చేప. నారింజ ఎరుపు ఒళ్లు, వీపు మీదుగా తెల్ల పట్టీ. ఎర్ర రోమన్. తోక పైకొస సగం తెగి ఉంది.

గసాంత్ ఆ తెగిన కొసను వేలితో తడిమాడు. ఆ తోకను సీల్ జంతువు కొరికిన రోజు తనూ ఏబెల్సూ అక్కడే ఉన్నారు.

"రోమన్ తన గుహ వదిలిపోదు మేడమ్. ఇది సముద్రంలో ముసలమ్మ బండ కింద ఉండేది. నీళ్లడుగున రాయడానికేం లేక, చచ్చేముందు నాకు అడ్రస్ పంపాడు."

కల్నల్ మొహం పాలిపోయింది. "అంటే అతను వెతుకుతున్న విదేశీ ముఠా బాంబు అక్కడే ఉంది. మన శిక్షణ నౌక ఇవాళ మూడింటికి ఆ బండ పక్కనుంచే పోతుంది. నూట ఎనభై మంది కుర్రాళ్లు. విన్యాసాల కోసం రేడియో కట్టేశారు. లీనాని తీసుకెళ్లు, ఆ ముఠా బాంబులు తనకి తెలుసు."

లీనా వోస్క్. ఆ ముఠాలో ఉంటూ ఏడాదిగా వీళ్లకు రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్. పట్టు స్కార్ఫు ఎగురుతుండగా పడవలో కాలు మీద కాలేసుకు కూర్చుంది.

"చేపని నమ్మి ఇంత దూరమా?"

"మీవాళ్లకంటే అదే నయం."

బండ దగ్గరికి చేరేసరికి నౌక ముక్కు కనిపించింది. గసాంత్ చేతులూపాడు, అరిచాడు. గాలి ఆ కేకను మింగేసింది. లీనా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి లిప్‌స్టిక్ తీసింది.

మొహం మీద ఉప్పునీళ్లు కొడుతుంటే లిప్‌స్టిక్కా?

ఒక్క దూకులో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొట్టం అడుగు సగం తిరిగి ఉంది. ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. ఇంకో సగం తిప్పితే బండ కింద బాంబు పేలేది, అంతే సంగతులు.

నౌక ముప్పై గజాల దూరంలో సాగిపోయింది. డెక్ మీది కుర్రాళ్లు నవ్వుతూ టోపీలు ఊపారు.

"బాణం నువ్వే వేశావా?"

"అటు తిరిగి ఉన్నాడు," అంది లీనా, నొప్పితో పళ్లు బిగించి. "చేపతో ఆడుకుంటున్నాడనుకున్నా."

ఆమె మణికట్టులో ఎముక విరిగిన చప్పుడైంది. అయినా గసాంత్ పట్టు వదల్లేదు.

గుహలో ఇరికించిన బాంబు ఊడి రాలేదు. సాయంత్రం డైవర్లు దాన్ని అక్కడే పేల్చేశారు. నురగ చల్లారాక ఎర్ర రోమన్‌లు డజన్లకొద్దీ వెల్లకిలా తేలాయి. చీకటి పడేదాకా గసాంత్ ఆ నీళ్లను చూస్తూనే ఉండిపోయాడు.

మర్నాడు పేపర్లో మూడో పేజీలో రెండు లైన్లు: 'సముద్రంలో గ్యాస్ సిలిండర్ పేలుడు. ప్రాణనష్టం ఏమీ లేదు.'