సైరన్ ఆపిన అంబులెన్సు

మిట్టమధ్యాహ్నం. ట్రాఫిక్ జామ్. ఇరుక్కుపోయిన అంబులెన్సు ఎడమ తలుపు తెరుచుకుంటుంది.

ఒకడు ఎక్కి కూర్చుంటాడు... సొంత కారెక్కినంత దర్జాగా.

చేతిలో తుపాకీ!

"సైరన్ ఆపు, నత్తా."

డ్రైవరు గిరుక్కున తల తిప్పి చూస్తాడు. పోలీసుల కళ్ళుగప్పి ముఠా కారు తోలిన రోజుల నాటి పేరది. మెరుపులా నడిపేవాడు కాబట్టి వెటకారంగా నత్త అన్నారు.

వచ్చినవాడు బాబాయ్. ఏ వరసకీ బాబాయ్ కాదు. మత్తుపొడి అమ్మే ముఠాకి పెద్ద.

సైరన్ ఆగుతుంది. బాబాయ్ వైర్‌లెస్ తీగ పీకేస్తాడు.

"ఫ్లైఓవర్ కిందకి తిప్పు. పావుగంట నీడలో కూర్చుందాం."

"వెనక పేషెంటుంది బాబాయ్."

"అందుకే వచ్చా. అది కళ్ళు తెరిస్తే నా పేరు చెప్తుంది."

వెనకనుంచి నర్సు గొంతు.

"అన్నా, సైరన్ ఎందుకాపావ్? నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీస్తోంది. ఇంజెక్షన్‌కీ లేవట్లేదు."

"వెళ్తున్నామమ్మా..."

స్ట్రెచర్ ఎక్కిస్తున్నప్పుడే ఆ ముఖం గుర్తుపట్టాడు. తమ వీధి టైలర్ కూతురు. పంతొమ్మిదేళ్ళు. రెండేళ్ళ క్రితం బస్టాపులో ఆమె చేతిలో మొదటి పొట్లం పెట్టింది తనే. కొత్తవాళ్ళని పట్టుకొస్తేనే బాబాయ్ తనకి ఆ రోజు పొడి ఇచ్చేవాడు.

తను మానేసి పద్నాలుగు నెలలైంది. ఆ పిల్ల మానలేకపోయింది.

బాబాయ్ ఒక పొట్లం తీసి డాష్‌బోర్డు మీద పెడతాడు.

"నీకే. ఊరికే."

డ్రైవరుకి ఒళ్ళంతా దానివైపే లాగుతుంది. సిగ్గేస్తుంది. అయినా చూపు మరలదు.

"అది నా ఒక్కడి పేరే చెప్తుందనుకున్నావా? ముందు నీ పేరే. మళ్ళీ జైలు. ఈ యూనిఫాం పోతుంది. ఆలోచించుకో."

నిజమే.

డ్రైవరు ఎడమచేతిలో ఇంకా మైకుంది. దారిమ్మని అడగడానికి వాడే లౌడ్‌స్పీకరు మైకు. గేరు దగ్గర, మోకాలి పక్కన. బాబాయ్ దాన్ని పట్టించుకోలేదు.

"ఆ పిల్లని చంపేస్తావా బాబాయ్?"

మెల్లగా అడిగి, బటన్ నొక్కుతాడు.

"చావనీ! పొడి అమ్మిందీ నేనే, పూడ్చిపెట్టేదీ నేనే..."

బండి నెత్తిమీంచి బాబాయ్ గొంతు రోడ్డంతా మోగిపోతుంది.

జంక్షన్‌లో అన్ని తలలూ ఇటు తిరుగుతాయి. తన గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని బాబాయ్ పైకి చూస్తాడు.

డ్రైవరు మైకు పైకెత్తుతాడు.

"ఆ పిల్లకి మత్తు అలవాటు చేసింది నేను. వీడి చేతిలో తుపాకీ ఉంది. దారివ్వండి... పిల్ల చచ్చిపోతోంది."

ఒక బస్సు ఫుట్‌పాత్ ఎక్కుతుంది. బైకులు చీలిపోతాయి. సందు దొరికింది!

యాక్సిలరేటర్ తొక్కుతాడు.

ఢాం!

తూటా దిగిన కడుపులో నిప్పు. స్టీరింగ్ వదలడు.

బాబాయ్ కిందికి దూకుతాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వాడిమీద పడి అదిమేయడం అద్దంలో కనబడుతుంది.

ఇంకో అర కిలోమీటరు. రోడ్డు మసకబారుతోంది. అయినా గుంతలు తప్పిస్తూనే పోతాడు. స్ట్రెచర్ కుదిపితే ఆ కాస్త ఊపిరీ ఆగుతుందని భయం.

ఎమర్జెన్సీ గేటు.

వార్డుబాయ్‌లు పరుగున వస్తారు. చొక్కానిండా నెత్తురు చూసి డ్రైవరు వైపు తలుపు పట్టుకుని లాగుతారు.

తలుపు రాదు. లోపల్నుంచి లాక్ వేసుకున్నాడు.

"వెనక్కి వెళ్ళండి. పేషెంటు అక్కడుంది."

స్ట్రెచర్ చక్రాలు నేలని తాకిన చప్పుడయ్యాక గానీ అతని చెయ్యి లాక్ మీదికి వెళ్ళదు.