ఎర్ర కొమ్మ, నీలి కొమ్మ

“ఎవరండీ దీన్ని ఫార్మలిన్‌లో ముంచింది?”

ల్యాబు డాక్టరు అరుపుకి కాన్పుల వార్డు నర్సు ఉలిక్కిపడింది. చేతిలో బరువైన డబ్బా, నుదుటి మీద చెమట. పైన ఊపిరాడనంత పని వదిలేసి మెట్లు దిగి వస్తే దక్కిన మర్యాద ఇదీ!

“నేనే. ల్యాబుకి పంపేది ఏదైనా ఫార్మలిన్‌లోనే పంపాలని మాకు నేర్పారు. తప్పా?”

“మహాపాపం! ఫార్మలిన్ తగిలితే మావిలో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఇక వాటిలోకి నా రంగు ఎక్కడ ఎక్కుతుంది? బొడ్డుతాడుకి క్లిప్పు పెట్టి, ఐసు మీద పంపండని మీ వార్డు గోడకి కాగితం అంటించాను కదా!”

“అంటించారు. అది చదివి పెట్టడానికి ఇంకో డాక్టర్ని కూడా పంపాల్సింది. మీ రాత అలా ఉంది.”

అతను డబ్బా అందుకుని మూత బిగించేశాడు.

ఆస్పత్రిలో అందరూ అతన్ని చెట్ల డాక్టరు అంటారు. తల్లులు సరేనన్న మావిని తెచ్చుకుని, బొడ్డుతాడులోంచి రంగు జిగురు ఎక్కిస్తాడు. జిగురు గట్టిపడ్డాక చుట్టూ ఉన్న కండని మందునీళ్ళలో కరిగించేస్తాడు. చివరికి నాళాల రూపం ఒక్కటే మిగులుతుంది. గుబురైన బుల్లి చెట్టు, ఎర్ర కొమ్మలు, నీలి కొమ్మలు. కిటికీ పక్క అరల నిండా అవే. సాయంత్రం ఎండ వాటి మీద పడితే గది గోడలకి రంగుల నీడలు పాకేవి.

ఆమెని అందరూ సిస్టర్ అంటారు. చెట్ల డాక్టరుకి మాత్రం ఎందుకో మొదటి రోజు నుంచే ఆ పిలుపు గొంతుకి అడ్డం పడింది. “ఏవండీ” అనడం మొదలుపెట్టాడు. వార్డులో మిగతా నర్సులు మోచేతులతో పొడుచుకున్నారు.

తర్వాతి డబ్బా ఆమే తెచ్చింది, ఐసు మీద.

“ఇదిగోండి మీ సరుకు. తగువు పడకుండా తీసుకోండి.”

అతను సూదితో రంగు ఎక్కిస్తుంటే వెళ్ళకుండా నిలబడింది. కాసేపటికి ఉండబట్టలేకపోయింది.

“అయ్యో, ధమనికి నీలం పోస్తున్నారేంటి? ధమని ఎరుపు, సిర నీలం. బళ్ళో పిల్లల్ని అడిగినా చెప్తారు.”

“బళ్ళో చెప్పింది పుట్టినవాళ్ళ సంగతండీ. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులకి ఇంకా పనిలేదుగా. వాడేసిన రక్తం ధమనుల్లో మావికొస్తుంది. ఇక్కడ ఆక్సిజన్ నింపుకుని సిరలో వెనక్కెళ్తుంది. అందుకే సిరకి ఎరుపు.”

“అవును కదా! చదువుకున్నదే, మర్చిపోయాను. తల్లి రక్తమూ, బిడ్డ రక్తమూ కలవవు కూడా.”

“కలవవు. మధ్యలో పల్చటి పొర. పక్కింటివాళ్ళు గోడ మీంచి గిన్నెలు అందించుకుంటారే, అలా అన్నీ ఇచ్చిపుచ్చుకుంటాయి.”

ఆమె నవ్వింది. ఆ నవ్వుకి అతని చేతిలో సూది తడబడి, చొక్కా మీద నీలం రంగు పడింది. ఆ చొక్కా అతను మళ్ళీ ఉతకలేదంటారు. నేను నమ్మను గానీ, కొట్టిపారేయను కూడా.

అప్పట్నుంచి డ్యూటీ దిగగానే ఆమె కాళ్ళు వాటంతటవే ల్యాబు వైపు నడిచేవి. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. కిటికీ అద్దం మీద నీళ్ళు జారుతుంటే అరల్లో చెట్లు ఊగుతున్నట్టే కనిపించాయి. ఆమె స్టూలు మీద గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుంది.

“ఇవన్నీ ఎలా మొదలవుతాయి? ఒకే మొదలు నుంచి కొమ్మలేస్తాయా?”

“లేదండీ, అదే వింత. మొదట్లో నాళం అనేదే ఉండదు. అక్కడక్కడ కొన్ని కణాలు గుంపులు కడతాయి. ఒక గుంపుకి ఇంకోటి ఉందని కూడా తెలీదు. మెల్లగా మధ్యలో ఖాళీ ఏర్పడి గొట్టాలవుతాయి. అవి సాగి సాగి ఒకదాన్నొకటి అందుకుంటాయి. అటు నుంచి బొడ్డుతాడు నాళాలొచ్చి కలుస్తాయి. ఈలోగా బుల్లి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అంతే, రక్తం కదులుతుంది.”

“ఎటు సాగాలో వాటికెవరు చెప్తారు?”

“ఆక్సిజన్ తక్కువైన చోటు నుంచి కబురొస్తుంది. ఆ వైపు కొత్త కొమ్మ వేస్తాయి.”

“కబురు రాకపోతే?”

“రాకపోతే...” అతను ఆమె కళ్ళలోకి చూసి మాట మర్చిపోయాడు. ఇంత చదువూ ఆ ఒక్క చూపుకి నీరుగారిపోయింది. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరికీ తెలియదు.

ఇంత చక్కటి వ్యవహారాన్ని చెట్ల డాక్టరు ఒక్క మాటతో చెడగొట్టుకున్నాడు.

ఆ రోజు ఆమె ఒక స్కాన్ ఫిల్ము తెచ్చి ఏమీ చెప్పకుండా అతని ముందు పెట్టింది. బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూపించే స్కాను అది. పారుదల మరీ నీరసంగా ఉంది. కొమ్మలు సరిగా వేయని మావి. అతను ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న రకం.

“అబ్బ! ఈ మావి గనక చేతికొస్తే నా పంట పండినట్టే! ఎవరిదండీ?”

“మా అక్కది.”

ఆమె ఫిల్ము తీసుకుని వెళ్ళిపోయింది. అతను నిలువునా చచ్చిపోయాడు.

తర్వాత డబ్బాలు వచ్చాయి, ఆమె రాలేదు. ఐసు సరిగ్గా ఉండేది, క్లిప్పు సరిగ్గా ఉండేది, తప్పు పట్టడానికి కూడా ఏమీ ఉండేది కాదు. అతను జిగురు కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. గిన్నెలోనే గడ్డకట్టేది.

చివరికి ఉండలేక అక్క ఉన్న వార్డుకి వెళ్ళాడు. కిందటిసారి అక్క కడుపు నిలవలేదు. ఈసారి బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని మంచం మీదే ఉంచారు. అక్క కళ్ళ కింద నల్లటి చారలు.

“నేను మీ చెల్లెలి దగ్గర చాలా తప్పు మాట అన్నానండీ. మిమ్మల్ని కూడా క్షమాపణ అడగాలని వచ్చాను.”

“చెప్పిందిలెండి, ఏడుస్తూ.” అక్క కాసేపు దుప్పటి అంచు నలిపింది. “మీరు వీటినే చదివారట కదా. ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. కిందటిసారి ఇల్లు మారాం, బరువులు మోశాను. ఈసారేమో ముందు కొన్నాళ్ళు అస్సలు తినలేకపోయాను. మా అత్తగారు ఇప్పటికీ నన్నే అంటారు. ఇదంతా నా వల్లేనా?”

అతను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“కిందటిసారిది నేను చూడలేదు, తెలియనిది చెప్పను. కానీ ఈ నాళాల పని ఎప్పుడు మొదలవుతుందో తెలుసా? నెల తప్పిందా లేదా అని మీరింకా అనుమానపడుతున్న రోజుల్లోనే. అవి ఎలా అల్లుకోవాలో మీ చేతిలో లేదండీ. మీరు బరువు మోశారని కొమ్మ వేయడం మానుకోవు. ఇప్పుడు కూడా ఈ మావి ఊరికే లేదు. ఉన్నదాంతోనే బిడ్డకి అందించాలని నానా పాట్లూ పడుతోంది. దాన్ని మోస్తున్నది మీరు. మీ తప్పేముంది?”

అక్క ముఖం దుప్పట్లో దాచుకుని భోరుమంది. ఎన్నాళ్ళ ఏడుపో అది. అతను ఏం చేయాలో తోచక మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. పరదా అవతల మందులు తెచ్చిన చెల్లెలు కూడా ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నెలలు నిండకముందే ఆపరేషను చేయాల్సి వచ్చింది. సంగతి తెలియగానే చెట్ల డాక్టరు పరుగున పైకి వచ్చాడు. థియేటరు బయట బెంచీ మీద ఖాళీ చేతులతో కూర్చున్నాడు. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడ్డాడు.

ఎట్టకేలకు ఆమె బయటికి వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగింది. కళ్ళు వాచి ఉన్నాయి.

“ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. కానీ గట్టిగా ఏడ్చింది. పిల్లల డాక్టరు పరవాలేదన్నారు, కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచుతారట.”

“అక్క ఎలా ఉంది?”

“బాగుంది. బిడ్డని చూసింది.”

“మీరు పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా?”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

“ఇంకేమీ అడగరా?”

“ఇంకేముంది అడగడానికి?”

మావి గురించి అతను ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత చటుక్కున కళ్ళు తుడుచుకుని, పక్కనే బెంచీ మీద కూలబడింది.

“అక్క మీకో మాట చెప్పమంది.”

“చెప్పండి.”

“మావి ఊరికే ఇచ్చేస్తుందట. ఇంకో చెల్లెలికి, ఇంకో అక్కకి పనికొస్తే చాలంది. కానీ...” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “తన చెల్లెలు కావాలంటే మాత్రం ఇంటికొచ్చి అడగాలట.”

చెట్ల డాక్టరు గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

“మరి చెల్లెలు ఏమంది?”

“చెల్లెలు,” అంది ఆమె, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ, “ఆదివారానికి సెలవు పెట్టేసింది.”