నీళ్లలో ఎండిన నారు

"మనిషివేనా నువ్వు? ఏం నీళ్లు పోశావు నా తొట్టెలో?"

అతను ట్యాంకర్ దిగీ దిగకముందే ఆ అమ్మాయి విరుచుకుపడింది. తండ్రికి కాళ్లు పడిపోయాక మొక్కల నర్సరీ తనే నడుపుతోంది. అతను నీళ్లు తెచ్చే డ్రైవరు. ఇన్నాళ్లూ ఆమె గేటు తీసేది, అతను పైపు వేసేవాడు. ఆమె చూడనప్పుడు అతను చూసేవాడు. అంతకుమించి మాట లేదు.

"ఎప్పటి బోరు నీళ్లే మేడమ్."

"మేడమూ లేదు, గీడమూ లేదు. ఇటొచ్చి చూడు."

టమాటా నారంతా తల వాల్చేసింది. మట్టి మాత్రం తడిగానే ఉంది.

"వాడుతోందని ఇంకా పోశాను. పోసిన కొద్దీ వాడింది. ఈ నారు పోతే నర్సరీ మూసుకోవాలి."

అతను తొట్టెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ముఖం మాడిపోయింది.

"బోరు నీళ్లు ఉప్పగా మారాయి."

"నీళ్లుండగా ఎండడమేంటమ్మా?" లోపల మంచం మీంచి తండ్రి అడిగాడు.

"దోసకాయ ముక్కల మీద ఉప్పేస్తే నీరు ఊరదూ నాన్నా? మట్టిలో ఉప్పెక్కువైతే వేళ్లలో నీళ్లూ అంతే, వాటంతటవే బయటికి పోతాయి. ఎవరూ లాగక్కర్లేదు." ఆమె వాడిన మొక్కనొకదాన్ని పీకి చేతిలోకి తీసుకుంది. "నా చేత్తో నేనే చంపుకున్నాను."

అతను ట్యాంకర్ ఎక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి తోపుడు బండి మీద క్యాన్లతో వచ్చాడు.

"ట్యాంకర్ ఏది, దొరగారూ?"

"ఆ నీళ్లు ఇక ఎవరికీ పొయ్యనన్నాను. తాళాలు ఇచ్చి పొమ్మన్నాడు ఓనరు. ఇవి మంచినీళ్లు. పొయ్యి. ఉప్పు కొట్టుకుపోవాలి."

నారు ట్రేల అడుగు నుంచి కారిపోయేదాకా పోశారు. తెల్లారాక చూస్తే రెండు వరుసలే తలెత్తాయి. మిగతాది ఇద్దరూ పీకి పారేశారు.

"నాకు పని లేదు, నీకు నారు లేదు. అడగడానికి ఇది సమయం కాదు," అన్నాడు చివరికి.

"అయితే అడక్కు."

అతను తల దించుకున్నాడు.

"నేనే అడుగుతాను. ఇక్కడే ఉండిపోతావా?"

అతను తలూపాడు.

"జీతం ఇవ్వలేం బాబూ," అన్నాడు లోపలి నుంచి తండ్రి.

"మొగుడికి జీతమేంటి నాన్నా?"

లోపల చప్పుడు లేదు. గుమ్మం దగ్గరికి వెళ్లింది. తండ్రి చెయ్యి చాచి ఉన్నాడు.

"లేపి కూర్చోబెట్టవే. అల్లుడి ముఖం సరిగ్గా చూడనీ."