మూడో యూజర్

ఉదయం పదింటికి, మంగలి కుర్చీలో, సగం గడ్డం మీద నురగ ఉండగానే గూఢచారి శాఖ కొరియర్ చచ్చిపోయాడు. జేబులో ఉండాల్సిన పెన్‌డ్రైవ్ లేదు.

పదకొండింటికి బ్రీఫింగ్.

“ఇక చేతులు మార్చే పని వద్దు,” అన్నాడు శాఖ చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. “ఆఫీసు నెట్‌వర్క్ జల్లెడైపోయింది. నీ ఇంట్లో కంప్యూటర్ మీద ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టు. ఫైల్ తిన్నగా అక్కడికే వస్తుంది.”

“ఎవరు పంపుతారు సార్?”

“కళ్ళజోళ్ళాయన. సాయంత్రం నాలుగింటికి. మనవాళ్ళలో ఎవరెవరు అమ్ముడుపోయారో ఆ లిస్టు.”

ఏజెంట్ ముంగిసకు ఆ పేరు కొత్త కాదు. పదకొండేళ్ళుగా ఒక విదేశీ గూఢచారి ముఠావాళ్ళకు కళ్ళజోళ్ళు బిగిస్తూ, వాళ్ళ మాటలు వింటున్న మనిషి కళ్ళజోళ్ళాయన. ఆయనెవరో తెలిసింది ఈ గదిలో ఉన్న ఇద్దరికే. మూడో మనిషికి తెలిసిన రోజు ఆయన ప్రాణం దక్కదు.

ముంగిస ఏ తాళమైనా తీయగలడు గానీ కంప్యూటర్ ముందు పసివాడు. అందుకే మరదలిని పిలిచాడు. భార్యకు స్వయానా చెల్లెలు, శాఖలో టెక్నికల్ ఏజెంట్, కోడ్ నేమ్ సీతాకోక. ఉద్యోగం వేయించిందీ అతనే. ఇంటర్నెట్ కంపెనీ నీలం యూనిఫాం వేసుకుని, టోపీ కింద జుట్టు దాచుకుని వచ్చింది. ఆ వేషంలోనూ ఎదురింటాయన నోరు తెరుచుకుని చూశాడు.

“రూటర్‌లో పోర్ట్ ఇరవై ఒకటి తెరిచాను బావా. పేరు చెప్పకుండా లోపలికొచ్చే ఎనానిమస్ లాగిన్ ఆపేశాను. మీకొక యూజర్, పంపేవాళ్ళకొక యూజర్. ఇదిగో ఐపీ అడ్రస్.”

ముంగిస ఆ అంకెల్ని కంటి పవర్లుగా మార్చి చీటీ మీద రాసుకుని, కళ్ళజోళ్ళ షాపులో ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చేసరికి మూడూ యాభై ఆరు.

గదిలోకి అడుగుపెట్టగానే లోపల ఎందరున్నారో లెక్కపెట్టడం ఫీల్డ్ ఏజెంట్లకు రక్తంలో ఉన్న అలవాటు. స్క్రీన్ మీద యూజర్ల జాబితానూ అలాగే లెక్కపెట్టాడు. ముగ్గురు.

“ఈ మూడోవాడెవడు?”

“టెస్ట్ యూజర్ బావా. తర్వాత తీసేస్తాలే.”

టెస్ట్ యూజర్‌కు ఇచ్చిన ఫోల్డర్ ఏదో చూశాడు. లాగ్ ఫోల్డర్. ఏ అడ్రస్ నుంచి ఎవరు కనెక్టయ్యారో నమోదయ్యే చోటని అక్కడే రాసి ఉంది. ఫైల్ పంపిన మరుక్షణం కళ్ళజోళ్ళాయన షాపు అడ్రస్ అందులో ఉంటుంది. బయట ఎవడో దాన్ని చదువుకుంటాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

మౌస్ బాణం “రిమూవ్” మీదకు జరిపాడు. వెనక చిన్న చప్పుడైంది. సీతాకోక చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

“మౌస్ వదలండి.”

“ఎందుకిలా చేశావే?”

“నాలుగేళ్ళు రిపోర్టులు నేను రాశాను, కింద సంతకాలు మీరు పెట్టారు. మెడల్ మీకొచ్చింది. ఆ ముఠావాళ్ళు నన్ను నా పేరుతో పిలిచారు బావా. అంతే.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అది ముంగిసకూ తెలుసు.

మూడూ యాభై తొమ్మిది.

“ఏమే, అన్నం తినే వెళ్తావుగా?” వంటింట్లోంచి అక్క గొంతు.

సీతాకోక వంటింటి వైపు తల తిప్పింది. ముంగిస క్లిక్ చేశాడు. ఆమె కాల్చలేదు. పిస్టల్ కీబోర్డు పక్కన పెట్టి, కుర్చీలో కూలబడి, ముఖం కప్పుకుంది.

నాలుగు గంటలకు ఫైల్ వచ్చింది. మరో అరనిమిషానికి ఏదో విదేశీ అడ్రస్ నుంచి టెస్ట్ యూజర్ తలుపు తట్టాడు. లాగిన్ ఫెయిల్డ్. మళ్ళీ తట్టాడు. ఫెయిల్డ్. ముంగిస రూటర్ వైరు పీకేశాడు.

లిస్టులో రెండే పేర్లు. ఒకటి ఆఫీసు ఆపరేటర్‌ది. రెండోది తన మరదలిది.

“శభాష్! కళ్ళజోళ్ళాయన క్షేమం,” అన్నాడు పెద్దాయన, జరిగిందంతా ఫోన్‌లో విని. “ఆమె కోసం వ్యాన్ పంపుతున్నా. ఇంకేమన్నా పని మిగిలిందా?”

వంటింట్లో రెండు కంచాలు పెడుతున్న చప్పుడు వినిపించింది.

“దేశం పని అయిపోయింది సార్,” అన్నాడు ముంగిస. “మా ఆవిడకు చెప్పాలి. ఆ తర్వాత అత్తగారికి.”