రెండో షెడ్డు గులాబీలు

“సార్, మీ స్లైడులో సగం తప్పు. ఏ సగమో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

ఉపేంద్ర చేతిలోని రిమోట్ జారి కింద పడింది. కృష్ణగిరిలో గులాబీ రైతుల మీటింగు అది. అంతవరకు ఆవలింతలతో నిండిన హాలు ఒక్కసారిగా కళ్లు తెరిచింది. వెనక వరుసలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పసుపు చుడీదారు, నుదుటి మీద చెమట, చూపులో మాత్రం ఏ మొహమాటమూ లేదు.

తెర మీద ‘భూమి వేడెక్కడం: రెండు వాదాలు’ అని ఉంది. ఎడమవైపు ‘మనుషుల వల్ల’, కుడివైపు ‘సూర్యుడి వల్ల’. మధ్యలో త్రాసు బొమ్మ. రెండు పళ్లేలూ సరిసమానం.

ఆ బొమ్మ ఉపేంద్రది కాదు. అతను కదిరి నుంచి హోసూరు వచ్చి, పూలు పెంచే ప్లాస్టిక్ షెడ్లలో, అంటే పాలీహౌసుల్లో, వేడినీ తేమనీ కొలిచే సెన్సార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరిన కుర్రాడు. స్లైడు మేనేజరు మోహన్‌కుమార్ గారిది. “రైతుల్లో అన్ని రకాలవాళ్లూ ఉంటారు. ఎవరినీ నొప్పించకుండా చెరిసగం చెప్పెయ్, మన సెన్సార్లు మనం అమ్ముకుందాం” అన్నది ఆయన సిద్ధాంతం.

“డిబేట్ ఉంది కదండీ...” అని నసిగాడు ఉపేంద్ర.

“ఉండాది. ఎంత వేడెక్కుతుంది, ఎంత బిరీన, యాడ వాన పెరుగుతుంది, యాడ తగ్గుతుంది అని సైంటిస్టులు ఈ పొద్దుకీ కొట్లాడుకుంటా ఉండారు. బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగ వల్లనా కాదా అనే కొట్లాట ఎప్పుడో తేలిపోయింది. సూర్యుడి వల్లయితే పైన, చాలా ఎత్తులో ఉండే గాలి కూడా వేడెక్కల్ల. అది చల్లబడతా ఉంది. వేడంతా కింద. అచ్చం మా పాలీహౌస్ మాదిరి! ప్లాస్టిక్ కప్పినట్టు పొగ కప్పింది.”

ఇక్కడ ఉపేంద్ర నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ అతనిలోని ఇంజనీరుకి నిద్ర తేలిపోయింది.

“పాలీహౌస్ పోలిక తప్పండీ.”

“ఏందీ?”

“పాలీహౌసులో వేడి నిలిచేది ప్లాస్టిక్ గాలిని ఆపడం వల్ల. సైడు కర్టెన్ ఎత్తితే చల్లబడుతుంది కదా. కార్బన్ డయాక్సైడ్ గాలిని ఆపదు. నేల నుంచి పైకి పోయే వేడిని పట్టుకుని, మళ్లీ కొంత కిందికి పంపిస్తుంది. దానికి ఎత్తే కర్టెన్ లేదు.”

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. అతను చెప్పింది నిజం, అదే ఆమె కోపం. నెమ్మదిగా అడిగింది.

“అంటే ఇదంతా మీకు తెలుసు. తెలిసే ఆ త్రాసు పెట్టినారా?”

హాల్లో తలలన్నీ ఉపేంద్ర వైపు తిరిగాయి. అతను వంగి, కింద పడ్డ రిమోట్ వెతుక్కున్నాడు.

“తెలియనోడితో మాట్లాడొచ్చు సార్. తెలిసి సరిసమానం అనేవాడితో ఏం మాట్లాడల్ల?” అని ఆమె కూర్చుంది.

పది రోజులు గడవకముందే బాగలూరులో ఒక తోటకి సెన్సార్లు బిగించే పని పడింది. గేటు తీసింది ఆ అమ్మాయే.

“త్రాసు తెచ్చినారా సార్?”

“సెన్సార్లు తెచ్చినానండీ,” అన్నాడు ఉపేంద్ర బుద్ధిగా.

ఆమె పేరు రేణు. కృష్ణగిరిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, నాన్న రాజప్పతో కలిసి రెండు షెడ్ల ఎర్రగులాబీలు చూసుకుంటోంది. ఆ పూలన్నీ ఏడాదిలో ఒక్క రోజు కోసం: ఫిబ్రవరి పద్నాలుగు. ఆ రోజుకి పూలు దేశాలు దాటి చేరాలంటే డిసెంబరులో ఒక తేదీ చూసి కొమ్మలు కత్తిరించాలి. కత్తిరించిన చోట చిగురు వచ్చి, మొగ్గ తొడిగి, సరిగ్గా లారీ వచ్చే వేళకి ఎరుపు విప్పాలి. ముందే విచ్చితే పెళ్లి పందిళ్లకి వచ్చిన ధరకి పోతాయి. ఆలస్యమైతే చెత్తకుప్పకే.

ఆ తేదీ రాజప్ప తండ్రి గంగప్ప పెట్టింది. ఆయన పోయినా తేదీ పోలేదు. కానీ ఈమధ్య పూలు ప్రతిసారీ తొందరపడి ముందే విచ్చుకుంటున్నాయి. రాజప్పకి విసుగొచ్చింది. పక్కన కొత్త ఫ్యాక్టరీలు లేచాయి. ఒకాయన గోడౌను కట్టుకుంటాను, భూమి లీజుకిమ్మని తిరుగుతున్నాడు.

“ఈసారీ తప్పితే షెడ్లు పీకించేస్తా,” అన్నాడు రాజప్ప, ఉపేంద్ర నిచ్చెన మీద ఉండగానే.

“రెండో షెడ్డు నాకిచ్చెయ్ నాయనా. నేను ఆలస్యంగా కత్తిరిస్తా,” అంది రేణు.

“మా నాయన పెట్టిన తేదీ అది!”

“తాత తన కాలం చలికి పెట్టినాడు. ఆ చలి ఇప్పుడు యాడుండాది చూపించు!”

రాజప్ప కూతుర్ని చూశాడు, షెడ్లను చూశాడు. “సరే. నీదీ తప్పితే భూమి గోడౌనుకే. మళ్లీ నోరెత్తకూడదు.”

“ఎత్తను,” అంది రేణు. ఆ మాట అన్నప్పుడు ఆమె చెయ్యి గులాబీ కొమ్మని గట్టిగా పట్టుకుని ఉండడం, ముల్లు గుచ్చుకున్నా వదలకపోవడం ఉపేంద్ర చూశాడు.

నిచ్చెన దిగి నెమ్మదిగా అన్నాడు. “ఒక్క శీతాకాలంతో ఏదీ తేలదండీ. ఒక ఏడాదిది వెదర్. క్లైమేట్ అనాలంటే ముప్పై ఏళ్ల సగటు చూడాల.”

“ముప్పై ఏళ్లు మీరు చూస్తా కూర్చోండి సార్. ఈడ ఫిబ్రవరికి లారీ వస్తుంది.”

అయినా మరుసటి ఆదివారం అతను ఈ ప్రాంతపు ముప్పై ఏళ్ల రాత్రి ఉష్ణోగ్రతలు ల్యాప్‌టాప్‌లో వేసుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఇద్దరూ షెడ్డు గడపలో కూర్చుని సాయంత్రందాకా తగవులాడారు. ఎంత ఆలస్యంగా కత్తిరించాలన్నదే తగవు. ఆమె పది రోజులంది, అతను నాలుగన్నాడు. చివరికి వారం దగ్గర రాజీ కుదిరింది. అప్పటికి కాఫీ రెండుసార్లు వచ్చి చల్లారిపోయింది.

డిసెంబరులో గంగప్ప తేదీ రానే వచ్చింది. ఆ ఇంట్లో కత్తెరలకి పసుపు కుంకుమ పెట్టి, ఇంటికి పెద్దయినవాళ్లు మొదటి కొమ్మ కత్తిరించాలి. రేణు అవ్వ కెంపమ్మ మొదటి షెడ్డులో ఆ పని చేసింది. కూలీలు కత్తెరలతో రెండో షెడ్డు వైపు తిరిగారు. గడపలో రేణు చేతులు చాపి నిలబడింది.

“ఈ గడప దాటి కత్తెర రాకూడదు.”

“శుభమా అని మొదలుపెట్టినాము, సగంలో ఆపితే అరిష్టం కదమ్మా!” అన్నారెవరో.

“ముందే పూసి పందిట్లో వాడిపోయేది అరిష్టం కాదా?”

కెంపమ్మ బోసినోటితో నవ్వింది. “ఇడవండప్పా దాన్ని. మొండిది. నా పోలికే.”

వారం తర్వాత రేణు తన చేత్తోనే మొదటి కొమ్మ కత్తిరించింది. ఆ వేళకి ఉపేంద్ర అక్కడే ఉన్నాడు. సెన్సారు బ్యాటరీ చూడ్డానికి వచ్చాడట. ముందు రోజు కూడా దాన్నే చూశాడు.

కొత్త సంవత్సరం వెచ్చగా మొదలైంది. మొదటి షెడ్డులో మొగ్గలు ఎగబడి లేచాయి. ఇక రేణు గెలిచినట్టే అనుకుంటుండగా చలి దిగింది. పొగమంచుకి హైవే మీద లారీలు పగలే లైట్లు వేసుకున్నాయి. టీ అంగడి నడిపే ఏళుమలై మఫ్లరు చుట్టుకుని కేకేశాడు.

“ఏమ్మా రేణూ, నీ గ్లోబల్ వార్మింగు యాడికి పాయె? నా పండ్లు కటకట కొట్టుకుంటా ఉండాయి!”

“నీ కడుపు ఈ పొద్దు నిండిందని ఊళ్లో ఆకలి పోయిందా మామా?” అంది రేణు, ఆగకుండా నడుస్తూనే.

జవాబైతే చెప్పింది కానీ, షెడ్డులోకి వచ్చి మొగ్గలు ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూసింది. శనగగింజంత ఉన్నాయి, పచ్చగా. ఈ చలి ఇలాగే ఉంటే లారీకి అందవు. తోట పోతుంది.

మంచులోంచి బైకు చప్పుడు వినిపించింది. ఉపేంద్ర హెల్మెట్ కూడా తియ్యకుండా సైడు కర్టెన్ తాడు అందుకున్నాడు.

“పొద్దు గూకకముందే దించెయ్యాల. పగటి వేడి లోపలే నిలుస్తుంది. ఎండ వచ్చినాక మళ్లీ ఎత్తొచ్చు.”

ఇద్దరూ చెరో తాడు పట్టుకున్నారు. కాసేపటికి రేణు అంది. “టీ అంగట్లో ఏళుమలై మామ కూడా ఎగతాళి చేసినాడు, నీ వార్మింగు యాడికి పాయెనని. తప్పు చేసినానేమో.”

ఆమె నోట ఆ మాట అతను మొదటిసారి విన్నాడు. అతనికి నచ్చలేదు.

“లెక్క ఇద్దరం కలిసి చేసినాము. ఈ చలి వచ్చింది, పోతుంది. దీన్ని చూసి నువ్వు భయపడితే ఆ టీ అంగడాయనకీ నీకూ తేడా ఏముంది?”

రేణు చురుక్కున చూసింది. ‘నువ్వు’ అన్న మాట ఇద్దరికీ వినబడింది, ఎవరూ దిద్దుకోలేదు.

“ఇంకోటి చెప్పల్ల,” అన్నాడతను. “ఆ త్రాసు స్లైడు తీసేసినాను. నిన్న సూళగిరి మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పినాను. మోహన్‌కుమార్ సార్ ఫోన్లో గంట అరిచినాడు.”

“ఉద్యోగం?”

“ఉండాది. ఎప్పటికన్నా ఎక్కువ సెన్సార్లు అమ్ముడుపోయినాయి. ఆయన బాధంతా అదే!”

రేణు పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ అతను తాడు వదిలేశాడు, కర్టెన్ సర్రున ఒక పక్కకి జారి సందు తెరుచుకుంది.

“పట్టుకోండి సార్, మొగ్గలకి చలి!”

“సార్ అనకు. అప్పుడు పట్టుకుంటా.”

“పట్టుకో ఉపేంద్రా!”

జనవరి ముగియకముందే మొదటి షెడ్డు ఎర్రగా విచ్చుకుంది. విచ్చుకోకుండా మొగ్గలకి తొడిగిన వలలు కూడా ఆపలేకపోయాయి. పూలు పెళ్లి పందిళ్లకి పోయాయి. రాజప్ప వచ్చిన కాస్త డబ్బునే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఆ తర్వాత మంచు విడిపోయి ఎండ వచ్చింది. రెండో షెడ్డు మొగ్గలు ఉబ్బాయి, కొసల్లో ఎరుపు తేలింది. లారీ వచ్చిన ఉదయం కట్టలు కట్టలుగా పూలు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. ఉత్తరం గోడవారన రెండు వరుసలు మాత్రం పచ్చిగానే మిగిలిపోయాయి. రేణు వాటిని దాచలేదు. నాన్నని పిలిచి చూపించింది.

“ఇవి అందలేదు నాయనా. ఈ మూల చలి నేను లెక్కెయ్యలేదు.”

రాజప్ప ఆ వరుసల్నీ, కదులుతున్న లారీనీ మార్చి మార్చి చూశాడు. నడుముకి దోపుకున్న కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“గోడౌనాయన్ని రావొద్దని చెప్పినాను. ఇంక ఈ తోటకి తేదీ నువ్వే పెట్టు.”

రేణుకి కళ్లు మసకబారాయి. ఆ కత్తెర తాత వాడింది.

ఫిబ్రవరి పద్నాలుగున ఉపేంద్ర వచ్చాడు. చేతిలో ఆకు పొట్లం. విప్పితే హోసూరు మార్కెట్టు కనకాంబరాలు.

“గులాబీ తేలేదా? ఈ పొద్దు లోకమంతా అదే ఇస్తా ఉంది.”

“కమ్మరి వీధిలో సూదులమ్మే రకం కాదు నేను,” అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. “నువ్వంటే నాకు ఇష్టం రేణూ. ఆ హాల్లో నన్ను నిలబెట్టి కడిగేసిన దినం నుంచీ.”

“ఒక్క సీజనుతో ఏదీ తేలదని చెప్పిందెవరు?”

“నేనే. అందుకే ముప్పై ఏళ్లు అడుగుతా ఉండాను.”

రేణు పొట్లం అందుకుంది. నవ్వబోయి ఆగింది. “ముప్పై ఏళ్లూ నాతో కొట్లాడల్ల. నాకు భయపడి సరిసమానం అంటే ఊరుకోను.”

“నీది తప్పయితే తప్పంటా.”

“అను. నువ్వు నాకు నచ్చింది దానికే,” అంది రేణు, కళ్లలోకి సూటిగా చూస్తూ. ఈసారి చూపు దించుకున్నది అతను.

మొక్కల వెనక ఎవరో దగ్గారు. రాజప్ప!

“మామా, అదీ...” అని తడబడ్డాడు ఉపేంద్ర.

“నిన్నటిదాకా సార్ అన్నోడు, అప్పుడే మామనా? కదిరి నుంచి మీ అమ్మా నాయన్ని పిలుచుకొని రా. అయితే ఒక్క మాటప్పా. డిసెంబరులో మాకు కత్తిరింపు ఉంటుంది, పెళ్లి కుదరదు. అయ్యగారిని అడిగి ఒక మంచి తేదీ...”

“నాయనా!” అంది రేణు. కనకాంబరాలు జడలో తురుముకుని, తాత కత్తెర చేతికి తీసుకుంది. “తేదీ నేను పెడతా.”