వరహాలు తల్లి

ఈశ్వరి ఉప్మా కలుపుతూ ఉండగానే వంటింటి వినుగోడ మాట్లాడింది.

"ఫీజు రాయితీ లేదు. ఈ ఇంట్లో వరహాలు అనే బిడ్డకు తల్లి ఉన్నట్టు ఆధారం దొరకలేదు."

ఈశ్వరి గరిటె పక్కన పెట్టి గోడవైపు తిరిగింది.

వినుగోడలు వచ్చాక ధ్రువపత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. ఇంట్లో ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో విని, ఎవరికి ఎవరు ఏమవుతారో గోడే తేల్చేస్తుంది. చదువు మధ్యలో ఆగిన తల్లులకు సగం ఫీజుకే సీటు ఇవ్వొచ్చని పేటలోని కళాశాలలకు ప్రభుత్వం అనుమతిచ్చిన రోజున ఈశ్వరి కాళ్లు నేలమీద ఆనలేదు; వెంటనే దరఖాస్తు పెట్టింది. పదో తరగతితో ఆగిన చదువు. పూర్తి ఫీజంటే ఆ ఆశ అక్కడితో సరి.

"తల్లి లేకపోవడమేంటి? నేనే కదా!"

"మీరు బిడ్డను ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు."

ఎలా పిలుస్తుంది? వరహాలు అత్తగారి పేరు. దాన్నే మనవరాలికి పెట్టారు. అత్త పేరు కోడలు నోరెత్తి పలకకూడదు గనక, పుట్టిన నాటినుంచీ ఆ పిల్ల ఇంటిల్లిపాదికీ చిట్టే.

"అది నన్ను అమ్మా అంటుందిగా!"

"ఆ మాట లెక్కలోకి రాదు. ఇక్కడ కూరగాయలామెనూ, పసిపిల్లనూ, అమ్మవారినీ అందరినీ అమ్మా అనే అంటారు."

పీట మీద చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు దిగ్గున లేచింది.

"ఓలమ్మో! మోసి కన్నదాన్ని తల్లివి కాదంతాదేటే ఈ మాయదారి గోడ? నా పేరే గదా, నానేటీ అనుకోను. పిల్సీవే!"

ఈశ్వరి అత్తగారి వైపు చూడలేక కళ్లు మూసుకుంది.

"వరహాలూ!"

గుమ్మంలో ఆడుకుంటున్న పిల్ల తలెత్తలేదు.

"బిడ్డ పలకలేదు," అంది గోడ.

ఈసారి భయంకొద్దీ అరిచింది. "ఒసే వరహాలూ! ఇలా రాయే!"

చిట్టి బొమ్మ పారేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, నానమ్మకు అడ్డంగా చేతులు చాపి నిలబడి భోరుమంది.

"మా నానమ్మనెందుకు తిడతన్నావు? పేరెట్టి పిలవకు!"

"ఈ స్త్రీని చూసి బిడ్డ భయపడుతోంది," అని నమోదు చేసుకుంది గోడ. "రాయితీ శాశ్వతంగా రద్దు. బిడ్డను ఈమెకు దూరంగా ఉంచండి."

ఈశ్వరి పిల్లను పిలవబోయి చప్పున నోరు మూసుకుంది. ఏమంటే గోడ ఇంకేం రాసుకుంటుందో! శబ్దం రాకుండా, ఉత్త పెదవులతో చిట్టీ అని, చేతులు చాచింది.

పిల్ల వచ్చి మెడకు చుట్టుకుపోయింది. గోడకు అది వినపడలేదు.